వేలే కదా!

మన దగ్గర రోగాలకూ హోదాలున్నాయి. గుండెపోటుకు పెద్దపీట. పరామర్శకు వచ్చినవాళ్లు గుమ్మంలోనే గొంతు తగ్గిస్తారు, డజను యాపిల్ పళ్లు బల్ల మీద పెట్టి నిట్టూరుస్తారు. మోకాలి మార్పిడిది ఆ తర్వాతి పీట. ఏ ఆస్పత్రి, ఎంతైంది, ఎన్నో రోజున నడిపించారు అనే మూడు ప్రశ్నలతో సాయంత్రం గడిచిపోతుంది. షుగరు, బీపీలకు హోదా కాస్త తక్కువైనా పరపతి ఎక్కువ. పెళ్లి పందిట్లో ముక్కూమొహం తెలియనివాడితో మాట కలపడానికి అంతకు మించిన అంశం లేదు. ఈ బంతిలో విస్తరి పడనిది ఒక్కటే ఉంది, వేలి దెబ్బ. దానికి యాపిల్ పళ్లు రావు. రెండే రెండు మాటలొస్తాయి: ‘వేలే కదా!’

ఆ రెండు మాటల్లో ఎంత వైద్యం ఇమిడి ఉందో చూడండి. రోగ నిర్ధారణ ఉంది: పెద్దదేం కాదు. చికిత్స ఉంది: ఊరుకో. జోస్యం ఉంది: దానంతటదే పోతుంది. ఫీజు మాత్రం లేదు. అందుకే ఇంట్లో అత్తగారి దగ్గర్నుంచి ఆఫీసులో మేనేజరు దాకా, పనిచోట మేస్త్రీ నుంచి క్రికెట్ కోచ్ దాకా అందరూ ధారాళంగా పంచిపెడతారు. ఆరు నెలల తర్వాత వేలు వంగక, పిడికిలి ముడవక, కలిపిన పప్పన్నం వేళ్ల సందుల్లోంచి కంచంలోకి జారిపోతున్నప్పుడు ఆ దాతలెవరూ కనిపించరు. ఒకవేళ కనిపించినా మాట మార్చేస్తారు: ‘అయ్యో, అప్పుడే చూపించుకోవాల్సింది!’

వేలు చెడగొట్టుకోవడానికి యుద్ధానికి వెళ్లక్కర్లేదు. పరుపు కింద దుప్పటి అంచు దోపుతున్నా చాలు, వేలి కొసను చాచి ఉంచే టెండాన్ అనే దారం పుటుక్కుమనొచ్చు. క్యాచ్ పట్టబోయి బంతి వేలి కొనకు తగిలినా అంతే. చివరి కణుపు తల వేలాడేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు. నొప్పి లేదు కాబట్టి రోగం లేదన్నది మన సిద్ధాంతం. దీన్ని డాక్టర్లు మ్యాలెట్ ఫింగర్ అంటారు. మందు మహా సులువు. కొసను నిటారుగా ఉంచే చిన్న బద్ద కట్టి, ఆరు నుంచి ఎనిమిది వారాలు రాత్రింబవళ్లు ఉంచుకోవడమే. మధ్యలో ఒక్కసారి కొస వంగిందా, లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచే. ఆరు వారాలంటే 42 రోజులు. మండల దీక్ష పట్టి 41 రోజులు చలిలో చన్నీళ్ల స్నానం చేసి, చెప్పుల్లేకుండా నడిచి, నేల మీద పడుకునే మహాభక్తుడు కూడా వేలి బద్దను మూడో రోజే పీకి అవతల పారేస్తాడు. ఎందుకయ్యా అంటే, దురద పెడుతోందట.

ఇంట్లో జరిగే వైద్యంలో మొదటి అంకం లాగుడు. వేలికి దెబ్బ తగిలిన మరుక్షణం చుట్టుపక్కల ఎక్కడో ఉన్న బలశాలి ఒకడు ప్రత్యక్షమవుతాడు. ‘ఏదీ, ఇలా ఇవ్వు’ అంటాడు. ఇచ్చిన పాపానికి ఒక్క గుంజు గుంజుతాడు. టక్కుమంటే ‘పడింది’ అని ప్రకటిస్తాడు. అనకపోతే ఇంకోసారి గుంజుతాడు. పడింది ఏమిటో, ఎక్కడ పడిందో మాత్రం చెప్పడు. చిట్లిన ఎముక పక్కకు జరగడానికీ, సగం తెగింది పూర్తిగా తెగడానికీ ఆ గుంజుడు చాలు. రెండో అంకం మర్దన. నువ్వుల నూనె కాచి, వాచిన కీలును బొటనవేలితో అదిమి అదిమి తోముతారు. వాపు రెట్టింపైతే లోపలి చెడంతా బయటికొస్తోందని సంబరపడతారు. మూడోది పసుపూ సున్నం పట్టు. నాలుగోది అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఆ మందు మొదలుపెట్టారు. తలనొప్పికి పుట్టిన ఆ డబ్బాకు తెగిన టెండాన్ అతికించే బాధ్యత అప్పజెప్పింది మనమే.

ఇవన్నీ అయ్యాక పుత్తూరు కట్టు. పుత్తూరు చిత్తూరు సీమలో ఒక ఊరు. ఆ పేరు పెట్టుకున్న బోర్డులు మాత్రం తెలుగువాళ్లు అద్దెకున్న ప్రతి నగరంలోనూ వేలాడుతున్నాయి. ఎక్స్‌రే అడగదు, స్కానింగ్ రాయదు, అడ్వాన్సు కట్టమనదు కాబట్టి ఆ వైద్యమంటే జనానికి ఇష్టం. ఆస్పత్రి బిల్లు చూసి బెదిరిన మనిషి వెదురు బద్దను నమ్ముకుంటే అతన్ని పూర్తిగా తప్పుపట్టలేం. కానీ కొన్ని చోట్ల విరిగిన వేలుతో పాటు చెక్కుచెదరని వేళ్లను కూడా కలిపి బిగించి కట్టేస్తారు. విరిగింది ఒకటి, నెల తర్వాత విప్పి చూస్తే కొయ్యబారినవి అయిదు. ఒకటి తెస్తే నాలుగు ఉచితం అనే పథకం బట్టల కొట్టువాళ్ల కంటే ముందు పెట్టింది వీళ్లే అయ్యుంటారు.

మనమే ఇలా ఏడిశామని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్‌కు 1830ల మొదట్లో కుడిచేతి వేలు చెడింది. వేలికి బలం రావాలని ఏదో యంత్రం వాడి చెడగొట్టుకున్నాడని ఒక కథనం. అప్పటి వైద్యం ఏమిటంటే, అప్పుడే కోసిన జంతువు పేగుల్లో చేయి ముంచి ఉంచడం. పాపం, ముంచాడు. వేలు మాత్రం బాగుపడలేదు. పియానో వాయించే కొలువు మాని సంగీతం రాసే కొలువుకు మారాడు, లోకం లాభపడింది. మన తాపీమేస్త్రీకి ఆ వెసులుబాటు లేదు. వేలు బిగిసినంత మాత్రాన తాపీ పక్కన పడేసి సింఫనీ రాసుకోలేడు.

అసలు వేలంటే ఏమిటో ఒక్కసారి చూద్దాం. వేలిలో దాన్ని ఆడించే కండ ఉండదు. ఆ కండలన్నీ మోచేతి కిందా, అరచేతిలోనూ ఉంటాయి. దారాలు కట్టిన కొయ్యబొమ్మలా వేలు దూరం నుంచి లాగితే ఆడుతుంది. ఆ దారాలనే జనం నరాలంటారు, డాక్టర్లు టెండాన్లంటారు. అరచేతి గీత దగ్గర మొదలై వేలి నడిమి కణుపు దాకా ఉన్న సన్నని గొట్టంలో ఇవి రెండేసి చొప్పున ఒకదాన్నొకటి రాసుకుంటూ జారుతుంటాయి. ఆ కాస్త మేరకు అమెరికన్ సర్జన్ స్టెర్లింగ్ బన్నెల్ ‘నో మ్యాన్స్ ల్యాండ్’ అని పేరు పెట్టాడు. అంటే ఎవరూ అడుగు పెట్టకూడని నేల. తెగిన వెంటనే అక్కడ కుట్టబోవద్దని హెచ్చరించాడు. 1960ల్లో హెరాల్డ్ క్లైనర్ట్ బృందం కుట్టి, వేలిని ఆడించి చూపించేదాకా కాకలు తీరిన సర్జన్లే అక్కడ కత్తి పెట్టడానికి జంకారు. అలాంటి చోటికి మన ఎదురింటి బాబాయి నువ్వుల నూనె గిన్నెతో తాపీగా నడిచి వెళ్లిపోతాడు.

ఇంకో తమాషా ఉంది. మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు, ఈ మూడింటి కొసలను ముడిచే టెండాన్లు ఇంచుమించు ఒకే కండ నుంచి బయల్దేరతాయి. నమ్మకం లేకపోతే మధ్యవేలిని రెండో చేత్తో నిటారుగా చాచి పట్టుకుని, ఉంగరపు వేలి కొసను ముడవబోయి చూడండి. అది మొరాయిస్తుంది. వాటిలో ఒకదాని టెండాన్ ఎక్కడైనా అతుక్కుపోతే మిగతా రెండూ ఆరోగ్యంగా ఉండి కూడా పూర్తిగా ముడవలేవు. పట్టు సడలిపోతుంది. బకెట్టు జారుతుంది, బండి బ్రేకు అందదు, తడిబట్ట పిండలేం, సీసా మూత రాదు. అయిదు వేళ్లూ ఒకేలా ఉండవని చెప్పిన పెద్దలు, అందులో మూడింటికి యజమాని ఒక్కడేనన్న సంగతి చెప్పడం మరిచారు.

ఉంగరాల సంగతి వేరే చెప్పాలి. చేతికి దెబ్బ తగిలితే వాపు ఎక్కకముందే ఉంగరం తీసేయాలి. మనవాడు తీయడు. అది మామూలు ఉంగరమా? కుజుడి కోసం జ్యోతిష్కుడు పెట్టించిన పగడం. తీస్తే గ్రహం అలుగుతుంది. తీయకపోతే వేలు ఉబ్బి, రక్తం ఆడక రంగు మారుతుంది. అప్పుడు పగడం పక్కనే నీలం కూడా వచ్చి చేరుతుంది. నీలం శనిదని జ్యోతిష్కుడే చెబుతాడు. ఆ శనిని వదిలించడానికి క్యాజువాలిటీలో బంగారాన్ని రంపంతో కోయాల్సొస్తుంది.

చివరికి ఎలాగో ఆస్పత్రికి వెళ్తాం. ఎక్స్‌రే తీస్తారు, ఫిల్మును వెలుతురుకు పెట్టి ‘ఫ్రాక్చర్ లేదు’ అంటారు. ఆ మాటతో వెంట వచ్చిన బంధువర్గం మొహాలు వెలిగిపోతాయి. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, టెండాన్ కనిపించదు. ‘మరి వేలెందుకు వంగట్లేదండీ’ అని అడగబోయేలోపు తర్వాతి టోకెన్ నంబరు పిలిచేస్తారు. చీటీలో పరగడుపున గ్యాస్ బిళ్ల, తిన్నాక నొప్పి బిళ్ల, అయిదు రోజులు. తగ్గకపోతే రమ్మంటారు. తగ్గదు, వెళ్తాం, ఇంకో అయిదు రోజులు రాస్తారు. వేలి కొస బొత్తిగా ముడవడం లేదంటే టెండాన్ ఎముక నుంచి ఊడి అరచేతిలోకి జారిపోయి ఉండొచ్చు. అలా జారితే వారం, పది రోజుల్లోపే ఆపరేషన్ జరగాలి. మన బిళ్లల కోర్సు పూర్తయ్యేసరికి సరిగ్గా ఆ గడువు కూడా పూర్తవుతుంది. ఒక్కో కీలునూ విడివిడిగా పట్టుకుని ‘ఇది ముడువు, ఇది చాచు’ అని చూడటానికి పట్టేది ఒక్క నిమిషం. ఖరీదైన స్కానింగ్ మిషన్లున్న చోట ఆ ఒక్క నిమిషమే దొరకదు.

తర్వాత ఫిజియోథెరపీ. చేతిలో పసుపుపచ్చ స్పాంజి బంతి పెడతారు. దాని మీద నవ్వు మొహం గీసి ఉంటుంది. పిసకమంటారు. ముడవని వేళ్లతో దాన్ని పిసకలేక కళ్లనీళ్లు పెట్టుకునేవాణ్ని చూసి ఆ బంతి నవ్వుతూనే ఉంటుంది. ఏ కీలుకు ఏ కసరత్తో, ఏ వారంలో ఎంత వంచాలో చూసే విద్య ఒకటుంది. అదేమీ సప్తసముద్రాల అవతల లేదు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1940ల చివర్లోనే కుష్ఠువల్ల కొంకర్లు పోయిన చేతులకు టెండాన్లు మార్చి కట్టి, వాటిచేత మళ్లీ పని చేయించాడు. మద్రాసు స్టాన్లీ ఆస్పత్రిలో ఆర్. వెంకటస్వామి చేతి సర్జరీకే ప్రత్యేక విభాగం నిలబెట్టాడు. వేలి చివర తెగితే పూడ్చడానికి ఆయన చూపిన పద్ధతి ఆయన పేరుతోనే ప్రపంచ వైద్య పుస్తకాలకెక్కింది. చిత్తూరు నుంచి వేలూరుకు బస్సెక్కితే మధ్యాహ్న భోజనం వేళకు చేరతాం. అంత దూరమెందుకని ఎదురింటి బాబాయి దగ్గరికే వెళ్తాం.

డాక్టర్లు రాసే మందులన్నిటిలోకీ ఖరీదైనది ‘రెస్ట్’. మగవాడికి అది సోఫాలో దొరుకుతుంది. ఇల్లాలికి ఏ మందుల షాపులోనూ దొరకదు. ఆమె బద్ద కట్టిన చేత్తోనే కూర తరుగుతుంది, గిన్నెలు తోముతుంది, చపాతీ పిండి కలుపుతుంది. పదహారో రోజునో పద్దెనిమిదో రోజునో బద్ద జారి కొస వంగుతుంది. డాక్టరు చూసి ‘జాగ్రత్తగా ఉండొద్దా అమ్మా?’ అని మందలిస్తాడు. ఇన్ని రోజుల్లో ఒక్క గ్లాసు కూడా కడగని భర్త పక్కనే నిలబడి తలూపుతాడు: ‘నేను చెబుతూనే ఉన్నానండీ, వినదు.’

ఇక వేళ్లనే నమ్ముకుని బతికేవాడి సంగతి. పవర్ ప్రెస్సు మీద రేకు పెట్టి తీసే కార్మికుడి చేయి లోపలుండగా దిమ్మ దిగకుండా ఏర్పాట్లున్నాయి. రెండు చేతులతో రెండు మీటలు నొక్కితేనే ప్రెస్సు కదిలేలా చేయొచ్చు. దానివల్ల గంటకు పడే ముక్కలు తగ్గుతాయని మీటను తీగతో కట్టేసే తెలివితేటలూ ఉన్నాయి. ప్రమాదకరమైన యంత్ర భాగాలకు కంచె ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ ఆనాడే చెప్పింది. గురుగ్రామ్, మానేసర్ ప్రాంతాల్లో కార్ల విడిభాగాలు చేసే కార్మికుల వేళ్లు ఎలా నలుగుతున్నాయో ‘సేఫ్ ఇన్ ఇండియా’ సంస్థ 2019 నుంచి ‘క్రష్డ్’ పేరుతో నివేదికలు వేస్తూనే ఉంది. మన ఇంటి ముందు మెరిసే బండిలో ఎవరి చిటికెన వేలు ఏ భాగం దగ్గర పోయిందో ఏ షోరూమ్ బ్రోచర్‌లోనూ రాయరు.

సర్కారు మాత్రం వేలును తీసిపారేయదు. ధర కట్టింది. 1923 నాటి పరిహార చట్టం పట్టిక తిరగేయండి. బొటనవేలు పోతే 30 శాతం. చూపుడువేలు మొత్తం పోతే 14. మధ్యవేలు 12. ఉంగరపు వేలైనా చిటికెన వేలైనా 7. ఎముక పోకుండా చిటికెన వేలి కొస మాత్రమే తెగితే 2. రైతుబజారులో కూడా ఇంత స్పష్టమైన ధరల బోర్డు ఉండదు. 2020 జనవరి నుంచి ఆ చట్టం లెక్కకు తీసుకున్న నెల జీతం గరిష్ఠంగా 15,000 రూపాయలు. ఆ లెక్కన ముప్ఫై ఏళ్ల కార్మికుడి చిటికెన వేలు మొత్తం పోతే సుమారు 1,31,000 రూపాయలు. కొస మాత్రమైతే సుమారు 37,000. ఆపైన జీవితమంతా ఆ చేత్తోనే బతకాలి.

ఇందులోనూ వేలు తెగినవాడే అదృష్టవంతుడు. వేలుండీ వంగనివాడి బాధ చెప్పనలవి కాదు. బిగిసిన వేలికి పట్టికలో గడి లేదు. పూర్తిగా, శాశ్వతంగా పనికిరాకపోతే పోయినట్టే లెక్క అని కింద ఒక వాక్యముంది. ‘పూర్తిగా’ అని నిరూపించుకోవాలి. సగం వంగితే డాక్టరు శాతం కట్టాలి, అవతలి వకీలు బేరమాడాలి. వికలాంగుల కోటా గుమ్మానికి వెళ్దామంటే 2016 చట్టం ఆ గుమ్మాన్ని 40 శాతం ఎత్తున కట్టింది. వంగని ఒక్క వేలికి అది అందదు. 1923 చట్టాన్ని 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లో కలిపేశారు. పాత సీసా మీద కొత్త చీటీ అంటించారే గానీ, వేళ్లను శాతాల్లో తూచే తక్కెడ అలాగే ఉంది.

ఇదే రాజ్యానికి మనిషిని గుర్తుపట్టాలంటే మళ్లీ వేలే కావాలి. ఆధార్‌కు పది వేళ్ల ముద్రలు తీసుకుంటుంది. రేషన్ షాపులో వేలు ఆనిస్తేనే బియ్యం. సిమెంటులో, సబ్బు నీళ్లలో, పత్తి చేలల్లో అరిగిపోయిన వేలిని యంత్రం ఒప్పుకోదు. తుడుచుకుని మళ్లీ పెట్టమంటుంది. 2023లో కేరళలో వేళ్లు లేని ఒక మహిళకు ఆధార్ అందలేదని రచ్చయ్యాక, అలాంటివాళ్లను కంటిపాపతో నమోదు చేయొచ్చని కేంద్రం మరోసారి గుర్తుచేయాల్సి వచ్చింది. చదువు రానివాణ్ని వేలిముద్రగాడని వెక్కిరించిన దేశం ఇప్పుడు ఇంజనీర్లందరి చేతా పొద్దున్నే ఆఫీసు గుమ్మంలో వేలిముద్ర వేయిస్తోంది. ఆ వేలు కందిపోయి యంత్రం పట్టకపోతే ఆ పూట జీతం కట్.

వేళ్ల గురించి నిజంగా కూలంకషంగా ఆలోచించింది ఎవరంటే, 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలు రాసినవాళ్లు. ఓటరుకు ఎడమచేతి చూపుడువేలు లేకపోతే ఎడమచేతికి ఉన్న మరో వేలికి సిరా పూయాలి. ఎడమచేతికి వేళ్లే లేకపోతే కుడి చూపుడువేలికి. అదీ లేకపోతే కుడిచేతికి ఉన్న ఇంకో వేలికి. రెండు చేతులకూ వేళ్లు లేకపోతే మొండి చేతి చివర. 1962 ఎన్నికల నుంచి మైసూరు కర్మాగారంలో తయారై వస్తున్న ఆ సిరా కోసం మన వేళ్ల గురించి ఇంత ముందుచూపు! ఆ వేళ్లు ఎక్కడ పోయాయని, ఏ ప్రెస్సు కింద పోయాయని అడిగే నియమం మాత్రం ఆ పుస్తకంలో లేదు.

కనుక పాఠక మహాశయులకు మనవి. దెబ్బ తగిలితే ముందు ఉంగరం తీయండి, పగడమైనా సరే. లాగుతానన్నవాడికి చెయ్యి ఇవ్వకండి. వేలి కొస చాచలేకపోయినా, ముడవలేకపోయినా ఎక్స్‌రే బాగుందన్న మాట పట్టుకుని ఇంటికి రాకండి. ప్రతి కీలునూ విడిగా చూడమని నోరు తెరిచి అడగండి, అవసరమైతే చేతి సర్జన్ దగ్గరికి పంపమనండి. నడిమి కీలు బెణుకు మామూలుదే అనిపించినా రెండు మూడు వారాల్లో వేలు వంకర తిరగొచ్చు. అందుకే ఆ కీలును నిర్లక్ష్యం చేయకండి. బద్ద కట్టించుకుంటే చెప్పిన చివరి రోజు దాకా ఉంచండి. దెబ్బ ఇల్లాలిదైతే ఆ వారాలు గిన్నెలు మీరు తోమండి. ప్రెస్సు నడిపే యజమానులు మీటకు కట్టిన తీగ విప్పండి. నొప్పి పోయిందని సంతోషించి ఊరుకోకండి, పిడికిలి పూర్తిగా ముడిచి పూర్తిగా చాచగలిగిన రోజునే నయమైందని లెక్కవేసుకోండి. వేలు పోయాక శాతాలు కట్టడానికి చట్టాలున్నాయి, డాక్టర్లున్నారు, వకీళ్లున్నారు. పోకుండా కాపాడుకునే ఆ మొదటి పది రోజులు మాత్రం మీ చేతిలోనే ఉన్నాయి.